కూరకు పనికిరాని చేపలు

మా ఇంట్లో అడుగుపెట్టిన వాళ్లెవరైనా సరే, గాజు తొట్టి ముందు నిలబడి ఒకటే మాట అడుగుతారు. "ఇవి కూరకు పనికొస్తాయా?" పనికిరావని చెబితే రెండో మాట సిద్ధంగా ఉంటుంది. "అయితే అమ్ముతారా?" అదీ లేదంటే ఇక నా మొహం వంక చూస్తారు, ఈమెకు బుద్ధి చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరా అన్నట్లు. చూసుకోనీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను పెంచినవన్నీ పనికొచ్చేవే. గేదెలు, కోళ్లు, మిరపనారు, ఒక కొడుకు. పనికిరానిదాన్ని ఒక్కదాన్ని ఇష్టపడి పెంచుకుంటే ఊళ్లోవాళ్లకు ఎక్కడ నొప్పి పుట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ చేపల పేరు డిస్కస్. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే మా అబ్బాయి వంశీ విజయవాడ నుంచి తెచ్చాడు. అప్పచ్చుల్లా గుండ్రంగా, పలచగా, ఎర్రటి ఒంటి మీద నీలం గీతలతో ఉంటాయి. యూట్యూబ్‌లో అన్నీ చూసి నేర్చుకున్నానన్నాడు గానీ, మా నీళ్ల సంగతి ఆ యూట్యూబ్ వాడికేం తెలుసు? మా పడమటి బోరునీళ్లు తాగితే పళ్లకు గార పడుతుంది, బిందె అడుగున సున్నం పేరుకుంటుంది. మోకాళ్లు ఎప్పుడు వంగడం మానేస్తాయో ఎవరికీ తెలియదు. అవేమో మెత్తటి నీళ్లలో బతికే ప్రాణాలు. వాడు బోరు పైపు పెట్టి తొట్టి నింపేశాడు. చేపలు ఒక్కొక్కటే నల్లబడి, మూలకు పోయి, తల కిందికి వాల్చి చచ్చిపోయాయి. చివరికి రెండే మిగిలాయి. వంశీకి మనసు విరిగిపోయింది.

"తీసేద్దాంలేమ్మా. ఎవరికన్నా ఇచ్చేస్తా" అన్నాడు.

నేను తొట్టి దగ్గరే ఉన్నాను. మిగిలిన రెండింట్లో ఒకటి ముందుకొచ్చి గాజుకు మూతి ఆనించి నన్ను చూసింది. ఆకలికి చూసిందో, ఇంకెందుకు చూసిందో నాకు తెలియదు. నన్నలా నిలబడి చూసినవాళ్లు మాత్రం మా ఇంట్లో ఎవరూ లేరు.

"వాటి జోలికి రాబాక. ఈ పొద్దు నుంచి అవి నావి" అన్నాను.

అలా మొదలైంది ఆ ఎండాకాలం.

నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించి తొట్టిలో పోయడం మొదలుపెట్టాను. రోజూ కొంత నీరు తీసేయాలి, కొంత కొత్త నీరు పోయాలి. మా ఆయన మాలకొండయ్య పొలం నుంచి వచ్చి చూసి, తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

"ఏందే ఇది? ట్యాంకర్ కాడ ఆడోళ్లు బిందెల కోసం జుట్లు పట్టుకుంటా ఉంటే, నువ్వు క్యాన్ నీళ్లు చేపలకు పోస్తా ఉండావా?"

"చేపలు మింగేస్తా ఉండాయా నీళ్లు? తీసిన నీళ్లు తీసినట్లు నీ గేదెలే తాగుతా ఉండాయి. పోయి చూసుకో, బోరునీళ్లు పెడితే మూతి తిప్పుకుంటా ఉండాయి."

వెళ్లి చూసుకున్నాడు. తిరిగొచ్చి తలపాగా దులిపి మళ్లీ చుట్టుకున్నాడు.

ఉగాది దాటాక ఎండ ముదిరింది. మిగతా దేశాల్లో ఈ చేపలకు చలి పుట్టకుండా నీళ్లు వెచ్చబెడతారట. మాకు ఆ బాధే లేదు. మా తొట్టిలో నీళ్లు కాగిపోకుండా చూసుకోవడమే పని. తొట్టి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. కరెంటు పోతే విసనకర్ర తెచ్చి నీళ్ల మీద విసిరేదాన్ని.

"పెళ్లయిన కాడ్నుంచి నాకు ఎన్నడన్నా ఇట్ల విసిరినావా?" అన్నాడు ఈయన మంచం మీద నుంచి.

"నువ్వెన్నడన్నా నా చేతి కాడికొచ్చి కూడు తిన్నావా?"

మా కోడలు జాహ్నవి ఆ మాటకు పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే. పామూరు పిల్ల. అంతకు ముందు ఏడు మూడో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. ఇంట్లో అందరమూ పిల్లుల్లా నడుస్తున్నాం, గట్టిగా తుమ్మడానికి కూడా భయమే. ఆ పిల్లను ఏ పనీ ముట్టుకోనివ్వం. పని లేని మనిషికి ఆలోచనలు తప్ప ఇంకేముంటాయి? అందుకని తొట్టి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. చేపలకు రొయ్యముక్కలు వేసే పని ఆమెకు అప్పగించాను.

మొదట గుర్తుపట్టింది కూడా ఆ పిల్లే. "అత్తా, ఇవి రెండూ కుండను నాకుతుండాయి, చూడు" అని కేకేసింది. తొట్టిలో బోర్లించిన మట్టికుండను రెండూ మూతులతో తోముతున్నాయి. మర్నాటికి ఆ కుండకు సగ్గుబియ్యం అతికించినట్లు గుడ్లు. ఆడది పెడుతుంటే మగది వెనకాలే తిరుగుతోంది. నా సంతోషం ఏం చెప్పను! వీధిలో పోయేవాళ్లను కూడా పిలిచి చూపించాను. వంశీకి ఫోను చేసి, "నీ చేపలు కాదురా, నా చేపలు గుడ్లు పెట్టినాయి" అని గొప్పలు పోయాను.

తెల్లారి చూస్తే కుండ శుభ్రంగా ఉంది. ఒక్క గుడ్డు లేదు. రెండు చేపలూ ఏమీ ఎరగనట్లు తిరుగుతున్నాయి. తొలిసారి పెట్టే జంటలు బెదిరిపోయి తినేస్తుంటాయని వంశీ చెప్పాడు. నాకు మాత్రం వాటిని చూడబుద్ధి కాలేదు. ఆ పూట మేత కూడా విసురుగా వేశాను. "తినండి, ఇంకా చాల్లేదేమో" అని తిట్టాను కూడా.

రెండోసారి గుడ్లు పెట్టే సమయానికి దర్శి నుంచి మా ఆడబిడ్డ గురవమ్మ వచ్చింది, కోడలికి మాగాయ తీసుకొని. ఆయనకు అక్క. మనసు చెడ్డది కాదు గానీ, నోటికీ మనసుకూ మధ్య తలుపు లేని మనిషి. ఆమె తొట్టి ముందు నిలబడి చూస్తుండగానే ఆడ చేప కుండ మీద గుడ్లను ఒక్కొక్కటే ఏరుకొని తినడం మొదలుపెట్టింది.

"ఓర్నాయనో! కన్నతల్లే తింటా ఉందే!" అంటూ గుండెల మీద చెయ్యి వేసుకుంది గురవమ్మ. "సుశీలా, కడుపుతో ఉన్న పిల్లను తెచ్చి దీని ముందర కూర్చోబెడతావా? నీకు తలకాయ ఉందా? పోయినేడు జరిగింది చాల్లేదా మనకు? మాలకొండయ్యా, నువ్వు మగోడివేనా? ముందు వీటిని ఇంట్లోంచి తీసెయ్!"

కుర్చీలో ఉన్న జాహ్నవి లేచి గదిలోకి వెళ్లిపోయింది.

ఈయన అటు అక్కనూ ఇటు నన్నూ చూసి, "పంపిచ్చేద్దాం. ఎవరన్నా ఉంటే చూడక్కా" అన్నాడు. దర్శిలో పాల్ రాజు అని చేపల దుకాణం కుర్రవాడు ఉన్నాడట. అతన్ని తీసుకొస్తానని చెప్పి గురవమ్మ బస్సెక్కింది.

నాకు భయం వెయ్యలేదా అంటే వేసింది. అబద్ధమెందుకు? ఆ మాటలు ఒట్టి మాటలని తెలిసినా, ఒక పట్టాన వదలవు. నా పంతం కోసం ఆ పిల్లకు ఏదన్నా అయితే? రెండు రోజులు తొట్టి వంక చూడకుండా నీళ్లు మార్చాను. మళ్లీ నా మీద నాకే ఒళ్లు మండింది. చేప గుడ్డుకూ మనిషి కడుపుకూ సంబంధమేంటి? ఎవరు చూసొచ్చారు? ఇంటికి కీడు తెచ్చేది చేపలా, ఆ మాటలా? నేను పంపనంటే పంపను అనుకున్నాను.

మూడోసారి గుడ్లు పెట్టినప్పుడు మాత్రం బుద్ధి వచ్చింది. ఊరందరికీ చూపించి దిష్టి తగిలించుకున్నది చాలు. మా వైపు ఆడవాళ్లకు నెల తప్పితే మూడో నెల దాటేదాకా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పం. ఇక్కడ మొగుడికి కూడా చెప్పకూడదనుకున్నాను. నా పాత చీర ఒకటి తొట్టి మీద కప్పేశాను. జాహ్నవికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

గుడ్లు పోలేదు. వాటికి తోకలొచ్చి కుండ మీదే కదలడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున చీర కొస ఎత్తిన జాహ్నవి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తా! అత్తా! ఒంటి మీద చూడు!"

ఈ చేపలకు ఒక వింత ఉంది. పిల్లలు వేరే మేత ముట్టవు. తల్లి ఒంటి మీద, తండ్రి ఒంటి మీద ఊరే జిగురు తిని పెరుగుతాయి. కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు తల్లి రెండు వైపులా అతుక్కొని నాకుతున్నాయి. కాసేపటికి తల్లి ఒళ్లు విదిలించుకొని పక్కకు జరిగితే, అవన్నీ గుంపుగా తండ్రి మీదికి వెళ్లాయి. అతగాడు కదలకుండా నిలబడి వాటిని మోశాడు. మొన్న గుడ్లు మింగినవి ఇవేనా అనిపించింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గెందుకు, ఏడ్చాను. జాహ్నవి కూడా ఏడ్చింది. మళ్లీ చీర కప్పేసి ఇద్దరం ఏమీ ఎరగనట్లు వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టుకున్నాం.

ఆ మరుసటి రోజు జాహ్నవిని మార్కాపురం తీసుకుపోయి స్కానింగ్ చేయించాలి. పొద్దున్నే బయల్దేరాం. డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పింది. ఆ పిల్ల స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకొని, ఆటోలో తర్లుపాడు రోడ్డు పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

ఇంటి ముందు దిగేసరికి మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. చేతిలో తడి కండువా. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, పెంచుతానంటే సరిపోతుందా? చూసుకోవద్దా?" అన్నాడు. "ఎందుకు కప్పినావో అని గుడ్డ తీసి చూద్దును గదా, ఒళ్లంతా పురుగులు! గేదె పుండుకు పట్టినట్లు పట్టుకోని పీక్కు తింటా ఉండాయి. పాపం, నోరు లేని జీవాలు, విదిలించుకుంటా ఉండాయి గానీ పోవడంలా. నేను చూసినా కాబట్టి సరిపోయింది. కండువా ముంచి ముంచి వడగట్టినా. ఒక్కటి మిగల్లేదు."

వాటిని ఇంట్లోంచి పంపేయమన్న మనిషి. మొట్టమొదటిసారి వాటి మీద జాలిపడి చేసిన పని అది.

"యాడ పోసినావు?" అన్నాను.

"కరేపాకు చెట్టు కింద."

వెళ్లి చూశాను. ఆ ఎండకు మట్టి ఎప్పుడో నీరు తాగేసింది. చీమలు బారు కట్టాయి. తిరిగొచ్చేసరికి జాహ్నవి గుమ్మంలో మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అవి పురుగులు కావయ్యా" అన్నాను. "పిల్లలు."

ఆయనకు వెంటనే తలకెక్కలేదు. నన్ను చూశాడు, కోడల్ని చూశాడు, చేతిలో కండువా చూసుకున్నాడు. తర్వాత ఆ కండువాను దండెం మీద ఆరేసి, చెప్పులు వేసుకొని పొలం వైపు వెళ్లిపోయాడు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను తినమని అడగలేదు. ఆయన్ని తిడదామంటే నోరు రాలేదు, ఊరుకుందామంటే గుండె ఊరుకోలేదు. ఎప్పుడూ తడుముకోకుండా వచ్చే తిట్లన్నీ ఆ రోజు ఎక్కడికి పోయాయో.

తొట్టిలో ఆ రెండూ కుండ చుట్టూ వెతుక్కుంటున్నాయి. కుండ వెనక్కి పోతాయి, ముందుకొస్తాయి, మళ్లీ వెనక్కి. జాహ్నవి కుర్చీ లాక్కొని వాటి ముందు కూర్చుంది. నేను వద్దని చెప్పబోయి ఆగాను.

వాటినే చూస్తూ అడిగింది. "అత్తా, ఇది మళ్లీ పెడుతుంది గదా?"

"పెడుతుంది."

"అయితే ఎవరికీ ఇయ్యబాక."

"ఇయ్యను."

అంతే. రొయ్యల డబ్బా తీసుకొని వాటికి మేత వేసింది.

గురవమ్మ అన్న మాట ప్రకారం ఆ వారమే దిగింది. వెనకాల పాల్ రాజు, అతని చేతిలో మూత ఉన్న థర్మాకోల్ డబ్బా. ఈయన అక్కకు వద్దని ఫోను చేయడం మర్చిపోయాడో, ముఖం చెల్లక చేయలేదో, ఆయనకే తెలియాలి. ఆమె చెప్పులు విప్పుతూనే తొట్టి దగ్గరికి పోయింది.

"ఏందీ, మళ్లీ పెట్టి మళ్లీ తినిందంటనే?"

ఎవరు చెప్పారో మరి. ఆయన మంచం మీద కూర్చొని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. నోరు విప్పడే! నిందంతా చేప మీదికి పోతుంటే పోనిస్తున్నాడు. మొగుడి పరువు కాపాడటం పెళ్లాం పనేనని మా అమ్మ నేర్పింది. ఆ పాఠం ఆ రోజుతో సరి.

"తినలేదు వదినా. పిల్లలైనాయి, తల్లి ఒంటి మీద తిరిగినాయి. పురుగులనుకోని మీ తమ్ముడే కండువాతో వడగట్టి చెట్టుకు పోసినాడు."

పాల్ రాజు అయ్యో అన్నాడు. గురవమ్మ ఒక్క క్షణం తడబడింది గానీ తగ్గే మనిషా?

"ఎట్ల పోతేనేం, పోయినాయి గదా! మూడుసార్లు పెట్టి ఒక్కసారన్నా నిలిచిందా? నిలవని చేప కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఎందుకే? ఎక్కించు అబ్బాయ్ డబ్బాలోకి."

అతను మూత తీశాడు. నేను తొట్టికీ డబ్బాకీ మధ్య నిలబడ్డాను.

"నిలవలేదని చేపను పంపిచ్చే ఇల్లు, రేపు నా కోడలికి నిలవకపోతే ఏం చేస్తుంది వదినా? ఆ పిల్లను గూడా ఈ డబ్బాలోనే ఎక్కిస్తారా?"

ఆయన గీయడం ఆపాడు.

"శివశివా! నేను ఆ మాట అన్నానా?" అంది గురవమ్మ.

"అన్నావు పెద్దమ్మా." గది తలుపు దగ్గర జాహ్నవి. "పోయినేడు వంటింట్లో అన్నావు. 'ఈ పిల్లకు నిలవదేమో, మీ దారి మీరు చూసుకోండి' అన్నావు. నేను ఈ పక్క గదిలోనే పడుకోని ఉన్నా."

ఆ మాట గురవమ్మ నాతో అన్నదే. నేను ఆమె మీదికి గరిటె ఎత్తినంత పని చేశాను కూడా. కానీ అది జాహ్నవి చెవిన పడిందని, ఏడాదిగా ఆ పిల్ల దాన్ని మోస్తోందని నాకు ఆ క్షణందాకా తెలియదు.

గురవమ్మ తమ్ముడి వంక చూసింది, ఏదన్నా అంటాడేమోనని. ఆయన లేచాడు. పాల్ రాజు దగ్గరికి వెళ్లి డబ్బా మీద మూత తనే పెట్టాడు.

"చేపలు ఇచ్చేది లేదబ్బాయ్. దూరం నుంచి వచ్చినావు, మజ్జిగ తాగి పో." తర్వాత అక్క వైపు తిరిగాడు. "వాటి పిల్లల్ని నేనే చంపినానక్కా. నన్ను పంపిచ్చు యాడికన్నా."

గురవమ్మ ఆ పూట నా ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. జాహ్నవి దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేయబోయింది. ఆ పిల్ల వద్దనలేదు, వంగనూ లేదు. ఆమె పాల్ రాజు బండి మీదే దర్శికి వెళ్లిపోయింది. తర్వాత ఎప్పుడో మాగాయ మాత్రం పంపింది. తిన్నాం, ఎందుకు తినం?

సాయంత్రం నీళ్లు మార్చే వేళకు ఆయన లుంగీ పైకి కట్టుకొని క్యాన్ భుజాన ఎత్తుకొచ్చాడు. ఎంత పోయాలని అడిగాడు. చెప్పాను. పోశాడు. క్షమించమని ఆయన అడగలేదు, నేనూ అడిగించుకోలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు చివర్లో ఒకటే అడుగుతారు. మరి మీ కోడలికి బిడ్డ పుట్టిందా? నేను చెప్పను. పుట్టిందంటే, చూశావా ఆ చేపలు కలిసొచ్చాయంటారు. పుట్టలేదంటే, ముందే చెప్పాం కదా ఆ చేపల వల్లే అంటారు. ఏది చెప్పినా మళ్లీ చేపనూ ఆ పిల్లనూ పక్కపక్కన నిలబెట్టి తూకం వేస్తారు. నాకు ఆ తూకం వద్దు. మీకు కావాలంటే మా ఇంటికి రండి, మజ్జిగ ఇస్తాను. తొట్టిలో చేపలు ఉంటాయి. జాహ్నవి ఉంటుంది. నిలిచినా, నిలవకపోయినా, వాళ్లు ఈ ఇంట్లోనే ఉంటారు.